తెలుగు శాఖ నుంచి ప్రసార శాఖకు: నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతం నుంచి ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తెలుగు ప్రసార విద్య చరిత్రలో 1954 ఒక కూడలి. ఆ ఏడాది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ ఏర్పడింది. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన పింగళి లక్ష్మీకాంతం విజయవాడ ఆకాశవాణిలో ప్రసంగ విభాగానికి వెళ్లిందీ ఆ సంవత్సరమే. ఈ మూడు ఘటనలకూ పరస్పర సంబంధం లేదు. అయినా ప్రసార భాషను ఎవరు నేర్పాలి, ఎక్కడ నేర్పాలి అన్న ప్రశ్నకు తరువాతి డెబ్బై ఏళ్లలో వచ్చిన సమాధానాలన్నీ ఈ మూడు దారుల్లో ఏదో ఒకదానికి చెందినవే.

ప్రసార మాధ్యమాల చరిత్రను ఇంతవరకు ఎక్కువగా మద్రాసు, విజయవాడ, హైదరాబాదు కేంద్రాల వైపు నుంచి చెప్పుకున్నాం. గొంతు బయలుదేరిన చోటు నుంచి చెప్పిన చరిత్ర అది. ఈ వ్యాసం గొంతు చేరిన చోటు నుంచి అదే చరిత్రను చూడడానికి ప్రయత్నిస్తుంది. అందుకు ఎన్నుకున్నది కుందూ నది పరీవాహకంలోని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల ఉన్న ఈ లోయ దక్షిణాన కడప వైపు తెరుచుకుంటుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేవరకు ఇది కర్నూలు జిల్లాలో భాగం. ఇక్కడ ప్రసార కేంద్రం పుట్టలేదు, విశ్వవిద్యాలయమూ పుట్టలేదు. శ్రోతగానూ విద్యార్థిగానూ ఈ ప్రాంతం మొదటినుంచీ ఎక్కడికో చెవి ఒగ్గవలసిందే. ప్రసార విద్యలో భాషకు ఏం జరిగిందో తెలుసుకోవడానికి అటువంటి చోటే అనువైనదని నా అభిప్రాయం.

రేడియోలో చేరిన సాహిత్యం

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమయ్యేనాటికి తెలుగులో ప్రసారకర్త అన్న వృత్తి లేదు, దానికి చదువూ లేదు. ఆ వృత్తికి మనుషులు సాహిత్యం నుంచి వచ్చారు. ఆచంట జానకిరామ్ తొలి రోజుల తెలుగు కార్యక్రమాలను రూపొందించారు. 1941లో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివినవారు. అక్కడ ఆయన గురువు పింగళి లక్ష్మీకాంతమే. బుచ్చిబాబు, దేవులపల్లి కృష్ణశాస్త్రి, త్రిపురనేని గోపీచంద్, దాశరథి, ఉషశ్రీ, శంకరమంచి సత్యం వంటివారు వేర్వేరు కాలాల్లో ఆకాశవాణి ఉద్యోగులుగా జీతం తీసుకున్న రచయితలు. ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలో పత్రికలకు ఎంత పోషక స్థానం ఉందో, 1938 తరువాతి నాలుగు దశాబ్దాల్లో రేడియోకూ దాదాపు అంత స్థానం ఉంది. సాహిత్య చరిత్రలు ఈ విషయాన్ని రచయిత పరిచయంలో ఒక వాక్యంగా సరిపెడతాయి.

వీరికి ప్రసార విద్య ఎవరూ నేర్పలేదు. స్టూడియోలోనే నేర్చుకున్నారు. అయితే వారు వెంట తెచ్చుకున్నది మామూలు సంపద కాదు. పద్యాన్ని గొంతెత్తి చదివే అలవాటు, యతి దగ్గర ఊపిరి తీసుకునే నేర్పు, హరికథ, పురాణ కాలక్షేపం విని పెరిగిన చెవి వారికి ఉన్నాయి. ఉషశ్రీ పురాణ ప్రసంగాలు విజయవంతం కావడం వెనుక ఉన్నది కొత్త సాంకేతికత కాదు, గుడి మంటపంలో పౌరాణికుడు పాటించిన వాక్య విన్యాసం. చిన్న వాక్యం, వెంటనే ప్రశ్న, మళ్లీ చిన్న వాక్యం: ఎదురుగా లేని శ్రోతను ఎదుట కూర్చోబెట్టుకునే పద్ధతి అది. రజనీకాంతరావు రేడియోలో సంగీత రూపకాలు నిర్మిస్తూనే ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఆయన విషయంలో ప్రసార వృత్తి, పరిశోధన రెండు వేర్వేరు జీవితాలు కాలేదు.

పింగళి వారి ప్రయాణం మన చర్చకు మరింత ముఖ్యం. విశ్వవిద్యాలయం నుంచి రేడియోకు వెళ్లిన ఆయన అక్కడే ఆగిపోలేదు. 1961లో తిరుపతి విశ్వవిద్యాలయ తెలుగు శాఖకు ఆచార్యులై వచ్చారు. అప్పుడు కర్నూలు జిల్లా కళాశాలలు ఆ విశ్వవిద్యాలయ పరిధిలోనివే. శాఖకూ స్టూడియోకూ మధ్య రాకపోకలు సాధ్యమని, తెలుగు ఆచార్యుడు ప్రసంగ విభాగాన్ని నడిపి తిరిగి తరగతికి రావచ్చునని ఈ ఒక్క జీవితం నిరూపిస్తుంది. ఆ దారి మాత్రం ఆ తరువాత పాఠ్యప్రణాళికగా మారలేదు.

కుందూ లోయకు చేరిన గొంతులు

మద్రాసు కేంద్రం తరువాత తెలుగు శ్రోతకు రెండో కేంద్రం 1948 డిసెంబరు 1న విజయవాడలో వచ్చింది. నిజాం రాజ్యపు దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసి హైదరాబాదు కేంద్రమయింది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. శాసనసభ వచ్చింది, సచివాలయం వచ్చింది. రేడియో కేంద్రం మాత్రం రాలేదు. రాయలసీమకు తొలి ఆకాశవాణి కేంద్రం 1963లో కడపలో వచ్చింది. అదీ మొదట ప్రధానంగా ఇతర కేంద్రాల కార్యక్రమాలను సహప్రసారం చేసిన కేంద్రమే. సొంత కార్యక్రమాలు విస్తృతంగా చేపట్టడానికి మరో దశాబ్దం పైగా పట్టింది. తెలుగులో మనకు దొరికిన అతి ప్రాచీన శాసనాలలో ఒకటైన కలమళ్ల శాసనం ఈ రేనాటి నేలదే. రాతలో ముందున్న ప్రాంతం మాటలో ఇంత ఆలస్యంగా గాలికెక్కింది.

దాదాపు పాతికేళ్లపాటు పంచాయతీ రేడియో ముందు కూర్చున్న నంద్యాల తాలూకా శ్రోత విన్నది ఎవరి తెలుగు? భద్రిరాజు కృష్ణమూర్తి విభజన ప్రకారం చూస్తే అది మధ్య మండలపు విద్యావంతుల తెలుగు. ఆ శ్రోతది దక్షిణ మండలం. ఈ తేడా ఉచ్చారణకే పరిమితమైనది కాదు. 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తి పదకోశం’ వ్యవసాయ సంపుటం తెరిస్తే ఒకే పనిముట్టుకు, ఒకే పంటకు జిల్లాను బట్టి మాట ఎలా మారుతుందో కనిపిస్తుంది. సీమలో మడక, కోస్తాలో నాగలి. ఇక్కడ అలసందలు, అక్కడ బొబ్బర్లు. కర్నూలు, అనంతపురం పల్లెల్లో బుడ్డలు అన్నదాన్ని పుస్తకం వేరుశనగ అంటుంది. ఎర్రగడ్డ, ఉర్లగడ్డ మాటలు రేడియోలో ఉల్లిపాయ, బంగాళాదుంప అయ్యాయి.

1966 తరువాత ఆకాశవాణిలో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడినప్పుడు ఈ సమస్య ఉద్యోగ సమస్యగా మారింది. 1906 నుంచి పత్తి, జొన్న వంటి పంటలపై పనిచేస్తున్న పరిశోధన స్థానం నంద్యాలలో ఉంది. అటువంటి సంస్థల్లో శాస్త్రవేత్త ఇంగ్లీషులో ఆలోచించిన విషయాన్ని, పుస్తక భాషలో ఉన్న అనువాదాన్ని దాటించి, మడక పట్టినవాడికి అందించేవాడు కావాలి. ఆ పనికి వ్యవసాయ పట్టా ఒక్కటే చాలదు, తెలుగు పట్టా ఒక్కటే చాలదు. రేడియో నాటికల్లో సీమ మాట నవ్వు పుట్టించే పాత్రకు దక్కితే దక్కింది కానీ, వ్యవసాయ కార్యక్రమంలో అదే మాటకు సమాచారం మోసే గౌరవం వచ్చింది. తెలుగు ప్రసార భాష చరిత్రలో దీన్ని చిన్న విషయంగా చూడలేం. కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌పై ప్రసారమవుతుంది. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని సాగుతుంది కనుక కొండలకు పెద్దగా తలవంచదు. ఎఫ్‌ఎం తరంగం అలా కాదు, ఎదురుగా కనబడే దూరం వరకే దాని బలం. కడప గొంతుకు కుందూ లోయ ఏకాంత శ్రోత అయిందంటే దానికి భాషతో పాటు ఈ భౌతిక కారణమూ ఉంది.

ఉపగ్రహం కింద ఒక ఏడాది

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం, ‘సైట్’, ప్రపంచ ప్రసార చరిత్రలో పెద్ద ఘట్టం. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్–6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్‌లతో పాటు కర్నూలు కూడా ఉంది. విజయవాడ, విశాఖపట్నం టెలివిజన్ ఎరుగని రోజుల్లో కర్నూలు జిల్లా పల్లెల్లో బడి ముందు, చావడి ముందు పెట్టె వెలిగింది. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. మాధ్యమం ముందు నగరానికి వచ్చి తరువాత పల్లెకు చేరుతుందన్న సూత్రం ఇక్కడ తలకిందులయింది.

తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాదులోని నిర్మాణ కేంద్రంలో తయారయ్యాయి. అయిదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సైన్సు చెప్పాలి. ఆ పిల్లలు మెదక్ పల్లెలోనూ ఉన్నారు, కర్నూలు పల్లెలోనూ ఉన్నారు. ఒకే పాఠం రెండు మాండలికాల పిల్లలకు ఒకే గొంతులో వెళ్లాలి. బొమ్మ ఉంది కనుక మాట తగ్గించవచ్చునన్నది టెలివిజన్ పాఠం. మాట తగ్గినప్పుడు మిగిలే ప్రతి మాటా ఎక్కువ బరువు మోస్తుందన్నది దాని వెనుక ఉన్న భాషా పాఠం. సైట్ మీద వచ్చిన పరిశోధన ప్రధానంగా సామాజిక శాస్త్రవేత్తలది, ఇంజనీర్లది. ఆ కార్యక్రమాల తెలుగును భాషగా పరిశీలించే పని తెలుగు శాఖలు తలకెత్తుకోలేదు. ఏడాది ముగియగానే ఉపగ్రహం కదిలింది. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న ప్రారంభమయింది. పల్లె కోసం మొదలైన తెలుగు టెలివిజన్ అక్కడి నుంచి నగర వినోదం వైపు మళ్లింది.

విశ్వవిద్యాలయంలో చీలిక

ఉస్మానియా జర్నలిజం శాఖ తొలి అధిపతి అమెరికన్ ఆచార్యుడు డీఫారెస్ట్ ఓడెల్. పాఠాలు ఇంగ్లీషువి, నమూనా అమెరికన్ పత్రికా విద్యది. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ఆనాటికి వేరే నమూనా లేదు. ఫలితం మాత్రం దీర్ఘకాలం నిలిచింది. వార్త రాయడం, చిత్రీకరణ, ప్రసార చట్టం, సంచార సిద్ధాంతం ఒక శాఖకు వెళ్లాయి. భాష, ఛందస్సు, వ్యాకరణం, మాండలికం మరో శాఖలో మిగిలాయి. గాలిలో పలికే తెలుగు రెండింటి మధ్య పడిపోయింది. ఆ విద్య తమది కాదని ఇరుపక్షాలూ అనుకున్నాయి. వాళ్లు నేర్పుతున్నారులే అని ఇరుపక్షాలూ అనుకున్నాయి.

ఈ చీలికను పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. 1982లో దేశంలోనే మొదటిదిగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం రేడియోను, తరువాత దూరదర్శన్‌ను తరగతిగా వాడింది. పాత్రికేయుడిగా పనిచేసి వచ్చిన కడప జిల్లా కథకుడు కేతు విశ్వనాథరెడ్డి అక్కడ తెలుగు ఆచార్యులుగా పనిచేయడం యాదృచ్ఛికంగా కనిపించదు. ఉపాధ్యాయుడు ఎదుట లేని విద్యార్థికి పాఠం రాయడం, శ్రోత ఎదుట లేని ప్రసంగం రాయడం వంటిదే. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి మొదలుపెట్టింది. అది ప్రధానంగా ఇంగ్లీషులో సాగినందువల్ల ఆళ్లగడ్డ కళాశాల విద్యార్థికి దాని వల్ల కలిగిన మేలు కొద్దిపాటిదే. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం భాషా సాహిత్యాల పక్కనే పాత్రికేయ విద్యకు పీఠం వేసింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1988లో ఏర్పడిన సరోజినీ నాయుడు పాఠశాల సంచార విద్యను నాట్యం, రంగస్థలం, చిత్రకళలతో కలిపి ఉంచింది. ఈ కూర్పు ఆలోచించదగినది. అక్కడ ప్రసారం వార్తకు మాత్రమే కాక గొంతుకూ శరీరానికీ కూడా సంబంధించిన విద్య అయింది.

ఇవన్నీ హైదరాబాదులోనివి. నంద్యాల విద్యార్థి డిగ్రీ పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు మారుతూ వచ్చింది: శ్రీ వేంకటేశ్వర, తరువాత శ్రీ కృష్ణదేవరాయ, 2008 తరువాత రాయలసీమ. పట్టా పేరు దగ్గరకు వచ్చింది కానీ ప్రసార విద్య దగ్గరకు రాలేదు. స్టూడియో ఉన్న చదువు కావాలంటే తిరుపతికో హైదరాబాదుకో వెళ్లాలి. హాస్టలు ఖర్చు, ఇంగ్లీషు మాధ్యమం, ఆడపిల్ల అయితే ఇంట్లో అనుమతి: ఈ మూడు గడపలూ దాటినవారికే ఆ చదువు.

1991 తరువాత

నంద్యాల చరిత్రలో ఒక విశేషం ఇక్కడ ప్రస్తావించాలి. 1991 నవంబరు ఉపఎన్నికలో ఈ నియోజకవర్గం పి.వి. నరసింహారావును అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో లోక్‌సభకు పంపింది. నంద్యాల సభ్యుడు ప్రధానిగా ఉన్న ఆ అయిదేళ్లలోనే భారత ప్రసార వ్యవస్థ పునాదులు మారాయి. ఉపగ్రహ ఛానెళ్లు వచ్చాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాదే కేబుల్ టెలివిజన్ చట్టం వచ్చింది. జెమిని, ఈటీవీ తెలుగులో మొదలయ్యాయి. ‘వేయిపడగలు’ను హిందీలోకి అనువదించిన ప్రధాని కాలంలో తెలుగు గృహంలోకి టెలివిజన్ భాష ఇలా ప్రవేశించడం సాహిత్య విద్యార్థిగా నాకు ఆసక్తికరంగా తోస్తుంది. దాన్ని కారణకార్య సంబంధంగా చెప్పే ఉద్దేశం లేదు.

ఉద్యోగ స్వరూపమూ మారింది. ఆకాశవాణిలో గొంతు పరీక్ష, భాషా పరీక్ష దాటితేనే మైకు ముందుకు పిలుపు. ఉచ్చారణలో శ, ష, స భేదం పోయినా, ఒత్తులు జారినా వెనక్కి పంపేవారు. అది కఠినం, కొంత అన్యాయం కూడా. సీమ పలుకుబడిని తప్పుగా లెక్కగట్టిన సందర్భాలకు ఆ కొలతే కారణం. అయినా ఒక కొలత ఉండేది. నిరంతర వార్తా ఛానెళ్లు 2003, 2004 నుంచి వరుసగా వచ్చాక కావలసింది వేగం. మండల విలేకరి వార్తకింత అని, దృశ్యానికింత అని పొందే పారితోషికంపై బతకాలి. డెస్కులో కూర్చున్నవారు తెలుగు ఎం.ఏ. చదివినవారే ఎక్కువసార్లు, కానీ వారు చదివిన పాఠాల్లో వార్తా వాక్యం ఒక్కటీ లేదు.

ఆ లోటు వాక్యంలో కనిపిస్తుంది. “కరవు మండలాల్లో తాగునీటి ఎద్దడిని నివారించేందుకు అధికారులు చేపట్టిన చర్యలపై సమీక్ష నిర్వహించిన మంత్రి అసంతృప్తి వ్యక్తం చేశారు” అన్న వాక్యం కాగితం మీద బాగానే ఉంటుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. కంటికి వెనక్కి వెళ్లే వీలుంది, చెవికి లేదు. మంత్రి వచ్చేసరికి శ్రోత కరవును మరిచిపోతాడు. “తాగునీటి పనులు సరిగా సాగడం లేదని మంత్రి అన్నారు. కరవు మండలాలపై ఆయన ఈరోజు అధికారులతో మాట్లాడారు” అంటే రెండు చిన్న క్రియలు, ఒక్కొక్కటి తన బరువు మోస్తుంది. క్త్వార్థక, విశేషణ వాక్యాల గురించి వ్యాకరణ తరగతిలో బోధించే అధ్యాపకునికి ఈ మార్పు రహస్యమేమీ కాదు. దాన్ని ఆ తరగతిలో ఈ పేరుతో బోధించకపోవడమే విచిత్రం.

2016 సెప్టెంబరులో చౌక డేటా వచ్చాక, మరుసటి ఆగస్టులో జరిగిన నంద్యాల ఉపఎన్నికను తెలుగువారు గణనీయంగా ఫోన్‌లోనే చూశారు. అప్పటినుంచి ఈ ప్రాంత యువకుడు ముందు ప్రసారకర్త అవుతున్నాడు, తరువాత చదువు గురించి ఆలోచిస్తున్నాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన ‘మై విలేజ్ షో’ తెలంగాణ పల్లె పలుకును లోకమంతా వినేలా చేసింది. అంతకుముందే 2008 అక్టోబరు 15న మెదక్ జిల్లా మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఆ పలుకుకు గాలిలో చోటిచ్చింది. సీమ పలుకుకు అంత నిలకడైన వేదిక కుందూ లోయలో ఏర్పడలేదు. 2023లో ఒక తెలుగు ఛానెల్ ‘మాయ’ అనే కృత్రిమ వార్తా వ్యాఖ్యాతను ప్రవేశపెట్టింది. యంత్రం తనకు వినిపించిన గొంతుల నుంచే నేర్చుకుంటుంది. దానికి వినిపించని మాండలికం దాని నోట పలకదు.

మూడో సెమిస్టర్ ప్రశ్న

ఇంత చరిత్ర తరువాత ప్రశ్న మళ్లీ తెలుగు శాఖ గుమ్మంలోకే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో డిగ్రీ స్థాయిలో ప్రవేశించిన పాఠ్యప్రణాళిక జనరల్ తెలుగు మూడో సెమిస్టర్‌ను ‘సృజనాత్మక రచన’గా మార్చింది. అందులో మాధ్యమాలకు రాయడం అన్నది రెండు భాగాలు: ఒకటి ముద్రణకు, ఒకటి ప్రసారానికి. విశ్వవిద్యాలయాలు 1954 తరువాత విడదీసినవాటిని సాధారణ డిగ్రీ కళాశాల మళ్లీ ఒక గదిలోకి తెచ్చింది. నంద్యాలలో బి.కాం. చదివే విద్యార్థి, ఆళ్లగడ్డలో బి.ఎస్సీ. చదివే విద్యార్థి ప్రసార రచనను తెలుగు అధ్యాపకుని దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది. ప్రసార విద్య అన్న మాట ఈ ప్రాంతంలో అత్యధికులకు చేరిన రూపం ఇదే.

అధ్యాపకుని చేతిలో ఉన్నదేమిటి? రేడియో ప్రసంగం నిర్వచనం, లక్షణాలు, పది పంక్తుల నోట్సు. మాటలో ఉండవలసిన విద్య మళ్లీ కాగితం మీద పరీక్ష రాసే విద్య అయింది. నమూనా వినిపిద్దామంటే రికార్డింగులు తక్కువ. టేపుల కొరత వల్ల పాత వాటిపైనే కొత్తవి రికార్డు చేయడం రేడియో కేంద్రాల్లో మామూలు అలవాటుగా ఉండేది. అందుచేత ప్రసార సాహిత్య పరిశోధకుడు గొంతును దాని నీడల్లో వెతకాలి. ఆకాశవాణి తెలుగు కార్యక్రమ పత్రిక ‘వాణి’ సంచికలు ఏ రోజు ఎవరు ఏమి మాట్లాడారో చెబుతాయి. ఆర్. అనంతపద్మనాభరావు ‘ప్రసార ప్రముఖులు’ వంటి గ్రంథాలు వ్యక్తుల జాడ ఇస్తాయి. రచయితల ఇళ్లలో మిగిలిన ప్రసంగ ప్రతుల అంచుల్లో నిమిషాల లెక్క, విరామ చిహ్నాలు, కొట్టేసిన సమాసాలు ఉంటాయి. తాళపత్రాలకు పాఠపరిష్కరణ చేసిన శాఖలకు ఈ ప్రతుల పరిష్కరణ కొత్త విద్య కాదు. ఒక ప్రసంగ ప్రతిలో కొట్టేసిన మాటలన్నీ ఒకచోట చేర్చితే, తెలుగు చెవి కోసం తనను తాను ఎలా సవరించుకుందో తెలుస్తుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ కళాశాలలకు అంతకన్నా దగ్గరి ఆధారం మరొకటి ఉంది. సైట్ పెట్టె ముందు కూర్చున్న కర్నూలు జిల్లా బడిపిల్లలకు ఇప్పుడు యాభై అయిదు ఏళ్లు దాటి అరవై పైబడుతున్నాయి. కడప వ్యవసాయ కార్యక్రమం విని విత్తనం మార్చిన రైతులు అంతకన్నా పెద్దవారు. ప్రసార రచనకు అభ్యాసంగా, ప్రతి విద్యార్థి తన ఊళ్లో అటువంటి ఒకరిని ఫోన్‌లో రికార్డు చేసి, ఆ మాటను ఆ పలుకుబడిలోనే అయిదు నిమిషాల కార్యక్రమంగా కూర్చవచ్చు. ఒక్క కళాశాలలో ఒక్క తరగతి చేసినా అరవై గొంతులు పోగవుతాయి. వాటికి గ్రామం పేరు, తేదీ, మాట్లాడినవారి వయసు, వృత్తి రాసిపెట్టుకుంటే చాలు. మాండలిక వృత్తి పదకోశానికి క్షేత్రకార్యకర్తలు ఊరూరా తిరిగి సేకరించిన వివరాలూ ఆ కోవకు చెందినవే.